పిల్లలకు పని పెట్టండి: బొమ్మల మాయాకథల సిరీస్ కట్టే పద్ధతి

"ఈ మేకకు నీడ లేదు. అంటే దొంగ ఈ మేకే."

రెండో తరగతి పిల్ల ఒకతె నా పుస్తకం పద్నాలుగో పేజీ మీద వేలు పెట్టి అన్న మాట ఇది. నా సిరీస్‌లో ఊరి దీపాలు ఆర్పే దొర ఒకడున్నాడు. వాడికి నీడ ఉండదు. మొదటి పుస్తకంలో ఆ సంగతి మాటల్లో ఎక్కడా రాయలేదు. సంతలో బెల్లం అమ్ముతూ కూర్చున్న ఒక మనిషి పక్కన నీడ గీయకుండా వదిలేశాం, అంతే. అంతవరకూ మేం అనుకుని చేసిందే. మేక నీడ మాత్రం బొమ్మలాయన మరిచిపోయారు. నేను చూడలేదు, ప్రూఫులు దిద్దినవాళ్ళు చూడలేదు. ఏడేళ్ళ పిల్ల చూసి, మేక మీద కేసు పెట్టింది.

సిగ్గుపడాల్సిన సంగతే. అయినా ఇంటికొచ్చేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. నీడల లెక్క ఉందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తనే పట్టుకుంది, పేజీ పేజీకీ తనిఖీ చేసింది.

పిల్లల్ని మాయాకథలు ఎందుకు కట్టిపడేస్తాయంటే చాలామంది రంగులు, రాక్షసులు, ఎగిరే గుర్రాలు అంటారు. అవీ కావాల్సిందే. కానీ గుర్రాలు టీవీలో ఇంకా బాగా ఎగురుతాయి. పుస్తకంలో ఉన్న సుఖం వేరు. కావలసినంతసేపు ఒకే బొమ్మ దగ్గర ఆగొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, పక్కవాడితో పందెం కాయొచ్చు. ఆ తీరికలో పిల్లల చేతికి ఒక పని దొరకాలి. ఆ పని ఎక్కడెక్కడ దాచాలన్నదే కింది మెట్లన్నిటిలోనూ ఉన్నది.

ఉదాహరణలు నా ఐదు పుస్తకాల సిరీస్ నుంచే ఇస్తాను. దాని తప్పులు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. కథ క్లుప్తంగా ఇదీ: తార, బాలు అక్కాతమ్ముళ్ళు. వాళ్ళ తాత తోలుబొమ్మలాట ఆడించేవాడు. అటక మీద తాత పెట్టెలో వాళ్ళకు కేతిగాడి బొమ్మ దొరుకుతుంది. తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథల మధ్య బంగారక్కతో, జుట్టుపోలిగాడితో కలిసి జనాన్ని నవ్వించే కేతిగాడే. దీపం ముందు పెడితే ఆ బొమ్మ లేచి మాట్లాడుతుంది.

1. పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది?

వయసెంత అంటే "ఐదు నుంచి పన్నెండు" అనకండి. ఐదేళ్ళ పిల్ల దగ్గర పుస్తకం అమ్మ చేతిలో ఉంటుంది, పిల్ల కళ్ళు బొమ్మ మీద ఉంటాయి. ఎనిమిదేళ్ళవాడు తనే చదువుతాడు, వేలు పెట్టుకుని, ఒత్తుల దగ్గర ఆగుతూ. పన్నెండేళ్ళవాడు పేజీపేజీకీ బొమ్మ కనపడితే "ఇది చిన్నపిల్లలది" అని చెల్లెలి మీదకు నెట్టేస్తాడు. ముగ్గురికీ ఒకే పుస్తకం కుదరదు. నేను ఆరు నుంచి తొమ్మిదేళ్ళవాళ్ళను ఎంచుకున్నాను. ఈ వ్యాసం కూడా వాళ్ళ గురించే.

చదివి వినిపించే పుస్తకమైతే 32 పేజీలు, ప్రతి పేజీలో బొమ్మ, పేజీకి నాలుగైదు వాక్యాలు చాలు. పిల్లలే చదువుకునేదైతే 48 లేదా 64 పేజీలు, ఆరేడు అధ్యాయాలు పెట్టుకోవచ్చు. ఈ అంకెలకు కారణం ప్రెస్సులో ఉంది. పెద్ద కాగితం అచ్చయ్యాక మడిస్తే 16 పేజీల ఫారం వస్తుంది. ఫారాల లెక్కన రాసుకుంటే కాగితం వృథా కాదు. ఇంగ్లీషు పుస్తకాలు చూసి పదాల లెక్క మాత్రం పెట్టుకోకండి. "వెళ్ళలేకపోతున్నానన్నాడు" అనేది మనకు ఒక్క పదం. ఇంగ్లీషులో చెప్పాలంటే అరడజను దాటుతుంది.

2. తర్వాతి పుస్తకం ఎక్కణ్ణుంచి పుడుతుంది?

ఒక కథ రాసి, బాగుందని ఇంకోటి, ఇంకోటి రాసుకుంటూ పోతే అది సిరీస్ కాదు. కథను మళ్ళీ మళ్ళీ పుట్టించే ఏర్పాటు ఒకటి మొదట్లోనే ఉండాలి. దాన్ని నేను ఇంజను అంటాను.

మన దగ్గర దీనికి పాఠం బయట వెతకక్కర్లేదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల్లో మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరతాడు, తోడు కావాలి. పశువులు కాసుకునే గోపడు వస్తానంటాడు, ఒక షరతు మీద. దారిలో నేను చూసిన వింత గురించి అడిగితే నువ్వు కథ చెప్పాలి. అంతే, మజిలీకో వింత, వింతకో కథ. పన్నెండు భాగాలు నడిచింది. అడిగేవాడు పశువుల కాపరి కావడం ఎంత తెలివైన పనో చూడండి. ఊరు దాటని కుర్రాడికి ప్రతిదీ వింతే.

బేతాళుడి ఇంజను ఇంకా చిన్నది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. నోరు విప్పితే మౌనం పోయి, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఈ రెండు వాక్యాల మీద చందమామలో దశాబ్దాల పాటు కథలు నడిచాయి.

నా సిరీస్‌లో ఊరికి ఐదు దీపాలు. గుళ్ళో, చెరువుగట్టున, సంతలో, బురుజు మీద, పాత సత్రంలో. ఐదూ ఆరిపోయాయి. పుస్తకానికి ఒకటి వెలగాలి. పిల్లలు వేళ్ళు మడిచి "ఇంకా రెండున్నాయి" అని లెక్కపెట్టుకుంటారు.

మీ ఇంజను నడుస్తుందో లేదో చూడాలంటే దాన్ని ఒక పిల్లవాడికి రెండు వాక్యాల్లో చెప్పండి. "తర్వాత?" అని ఊరుకున్నాడంటే ఇంకా పని ఉంది. "అయితే చెరువు దగ్గర దీపం మొసలి మింగేసిందా?" అని తనే అల్లడం మొదలుపెడితే ఇంజను రాజుకున్నట్టే.

3. మాయకు నియమం పెట్టండి, ఖరీదు కట్టండి

అన్నిటికన్నా ఎక్కువ రోజులు కూర్చోవాల్సిన మెట్టు ఇది.

బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు మనుషుల్ని రాళ్ళు చేయగలడు, తనకు మాత్రం చావు లేదనుకుంటాడు. కానీ వాడి ప్రాణానికి ఒక అడ్రసు ఉంది. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలకలో. ఆ అడ్రసు లేకపోతే ఆ కథే లేదు. ఫకీరు ఎంత బలవంతుడన్నది మనకు అంతగా గుర్తుండదు, చిలక గుర్తుంటుంది.

నా కేతిగాడికి నియమం ఒక్కటే. దీపానికీ తెరకూ మధ్య ఉన్నంతసేపే వాడికి ప్రాణం. ఖరీదు కూడా ఒక్కటే. లేచిన ప్రతిసారీ వాడి రంగు కాస్త వెలిసిపోతుంది.

నియమం నుంచి ఉపాయాలు పుడతాయి. వెన్నెల దీపం కింద లెక్కా? టార్చిలైటు? దోమతెర తెర అవుతుందా? ఈ ప్రశ్నలు నావి కావు, మొదటి పుస్తకం చదివిన పిల్లలవి. దోమతెర ప్రశ్న నాకు మూడో పుస్తకాన్నే ఇచ్చింది. ఖరీదు నుంచి బాధ పుడుతుంది. పిలిస్తే కేతిగాడు వెలిసిపోతాడు, పిలవకపోతే బాలు బురుజులో చిక్కుకుంటాడు. తార ఏం చేయాలి? తొమ్మిదేళ్ళ పిల్ల ముందు అంతకన్నా పెద్ద యుద్ధం పెట్టక్కర్లేదు.

బొమ్మల పుస్తకంలో ఒక్క సూత్రం మాత్రం మరిచిపోకండి. మాయ ఖరీదు కళ్ళకు కనపడేదిగా ఉండాలి. "శక్తి తగ్గింది" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కేతిగాడి తలపాగా మొదటి పుస్తకంలో ఎర్రన, రెండో దాంట్లో కాస్త వెలిసిన ఎరుపు, మూడో దాంట్లో గులాబీ. నాలుగో పుస్తకం దాకా ఎవరి నోటా ఆ మాట రాదు. అప్పటికి సగం మంది పిల్లలు కనిపెట్టేసి ఉంటారు, మిగతా సగం మందికి వాళ్ళే చెప్పేసి ఉంటారు.

నియమాలు మూడు దాటనివ్వకండి. ఒకసారి పెట్టాక, కథ ముడిపడిందని సడలించకండి. నేను నాలుగో పుస్తకం మొదటి చిత్తులో కేతిగాడికి చీకట్లో కూడా నడిచే వరం ఇచ్చేశాను, వేరే దారి తోచక. విన్న పిల్లల్లో ఒకడు "తొండి" అన్నాడు. ఒక్క మాట. ఇంటికెళ్ళి ఆ అధ్యాయం మొత్తం చింపేశాను.

4. ఒక్కణ్ణి పంపకండి

దాసరి సుబ్రహ్మణ్యం చందమామకు రాసిన సీరియళ్ళు, 1954లో మొదలైన తోకచుక్క నుంచి 1978లో ముగిసిన భల్లూక మాంత్రికుడు దాకా, పన్నెండు. పాతాళ దుర్గంలో ధూమకుడు, సోమకుడు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. జంటలు. రాసేవాళ్ళ వైపు నుంచి ఆలోచిస్తే ఇందులో పెద్ద వెసులుబాటుంది. ఒక్కడే అడవిలో నడుస్తుంటే వాడి మనసులో మాట రచయిత చెప్పాలి. ఇద్దరుంటే వాళ్ళే వాదించుకుంటారు, కథ వాదనలో నడుస్తుంది.

జంటలో ఇద్దరూ ధైర్యవంతులైతే ఉపయోగం లేదు. తార ముందు చేసి తర్వాత ఆలోచిస్తుంది. బాలు ప్రతిదానికీ "నాన్నకు చెబుదామా?" అంటాడు, కానీ కళ్ళు చురుకు. ఆరేళ్ళవాడు కాబట్టి అందరికన్నా కిందినుంచి చూస్తాడు, బల్లల కింద ఏముందో వాడికే తెలుస్తుంది. ఇంట్లో చిన్నవాళ్ళు చదువుతూ బాలు గెలిచినప్పుడల్లా అక్కల వైపు చూస్తారు. అది వాళ్ళ పండగ.

కథలోని పిల్లలకు ఆరాటం ఒకటి ఉండాలి, మాయతో సంబంధం లేనిది. తారకు కావలసింది తాత మళ్ళీ ఒక్కసారి ఆట ఆడించడం. దీపాలూ దొరా అన్నీ ఆ తర్వాతే.

5. భయం ఎంత వేయాలి?

ఉప్పులాంటిదే. అసలు వేయకపోతే పిల్లలే ముందు లేచిపోతారు. పెద్దవాళ్ళమే అనవసరంగా కంగారుపడి రాక్షసుల కోరలు పీకేస్తుంటాం.

నా అనుభవంలో ఆరేడేళ్ళవాళ్ళు రాక్షసుడికి భయపడరు. ఇంట్లో ఉండాల్సినవాళ్ళు లేకపోవడానికి భయపడతారు. అమ్మ కనపడకుండా పోయే సన్నివేశం రాస్తే అదే అధ్యాయంలో ఆమె జాడ ఒకటి చూపించండి, గాజుముక్కో, గొంతో. రాక్షసుణ్ణి మాత్రం మీ ఇష్టం వచ్చినంత పెద్దగా గీయించుకోండి.

దుష్టుడికి ఒక సిగ్గు ఉంటే మంచిది. మా దొర దీపాలు ఎందుకు ఆర్పుతాడు? వెలుగులో తనకు నీడ లేదని అందరికీ తెలిసిపోతుంది కనుక. ఈ కారణం తెలిసిన రోజున పిల్లలకు వాడి మీద కోపం సగం పోతుంది, కథ మీద ఆసక్తి రెట్టింపవుతుంది. పేరు మాత్రం నోరు తిరగనిది పెట్టండి. మేం "గండరగబ్బిలయ్య దొర" అని పెట్టాం. తప్పులేకుండా గబగబా పదిసార్లు అనడం ఆటైపోయింది.

6. బొమ్మకో పని, మాటకో పని

ఇదే గుండెకాయ. ఎక్కువ పుస్తకాలు ఇక్కడే చతికిలపడతాయి. రాసినవారు అంతా రాసేస్తారు, గీసేవారు రాసిందంతా గీసేస్తారు. ఒకే కబురు రెండుసార్లు వినాల్సి వస్తుంది పిల్లలకు.

నా మొదటి చిత్తులో ఒక పేజీ ఇలా ఉండేది:

"చీకటి పడింది. తార పచ్చ పరికిణీ ఎగ్గట్టి, చేత్తో లాంతరు పట్టుకుని పాత సత్రం మెట్లెక్కింది. తలుపుకు పెద్ద తాళం వేసి ఉంది. బాలు వెనకే నడిచాడు."

చీకటి, పరికిణీ, లాంతరు, మెట్లు, తాళం, తమ్ముడు. అన్నీ బొమ్మలో ఉన్నాయి. కొట్టేశాక మిగిలింది:

"తాళం తుప్పు వాసన కొడుతోంది. లోపల ఎవరో దగ్గారు. 'నాకేం భయం లేదు' అన్నాడు బాలు."

వాసన, చప్పుడు, మాట. బొమ్మ చేయలేనివి మాత్రమే మాటలకు వదిలాం. ఇక బాలు భయం లేదంటున్నాడు గానీ, బొమ్మలో అక్క పరికిణీ అంచు రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ పేజీకి పిల్లలు నవ్వకుండా దాటరు. మాట ఒకటి చెబుతుంది, బొమ్మ ఇంకొకటి. నిజం ఏదో తేల్చే పని పిల్లలది.

ఇంకో మెట్టు పైకి వెళ్ళొచ్చు. కథలో మనుషులకు తెలియనిది బొమ్మకు తెలిసి ఉండటం. బెల్లం అమ్మేవాడికి నీడ లేకపోవడం అలాంటిదే. మూడో పుస్తకంలో గుట్టు బయటపడ్డాక పిల్లలు పరుగెత్తుకెళ్ళి మొదటి పుస్తకం తిరగేస్తారు. అమ్ముడుపోయే సంగతి పక్కన పెట్టండి, ఒక పుస్తకాన్ని రెండోసారి కొత్తగా చదివించగల ఉపాయం ఇంతకన్నా నాకు తెలియదు. అయితే ఇలాంటి ఆట మొదలుపెడితే ప్రతి పేజీలో ప్రతి నీడా లెక్కే. మా మేక సంగతి విన్నారుగా. రెండో ముద్రణలో దానికి నీడ పెట్టించాం, పాపం.

బొమ్మలు వేసేవారితో కూర్చోవాల్సింది కథ పూర్తయ్యాక కాదు, ఇంజను ఖాయమైన రోజునే. నీడ లేని దొర ఆలోచన నాది కానే కాదు. తోలుబొమ్మలాట కథ అని వినగానే "అయితే విలన్‌కి నీడ ఉండకూడదండీ" అన్నది బొమ్మలాయనే.

ఒక చిన్న అభ్యాసం. 1947 జూలైలో మొదలైన చందమామ పాత సంచికలు ఇప్పటికీ అక్కడక్కడా దొరుకుతాయి. దాసరి సీరియళ్ళకు చిత్ర అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు తీసుకోండి. కథ చదవకుండా ఒక భాగంలోని బొమ్మలే వరసగా చూసి, ఏం జరిగిందో కాగితం మీద రాయండి. తర్వాత కథ చదవండి. ఏది బొమ్మ చెప్పింది, ఏది చెప్పకుండా దాచింది అన్నది వేళ్ళ మీద లెక్కకొస్తుంది. పది పుస్తకాలు చదివినా రాని పట్టు ఈ ఒక్క సాయంత్రంలో వస్తుంది.

7. కాగితాలు మడిచి డమ్మీ కట్టండి

కంప్యూటర్ జోలికి వెళ్ళకండి. ఎనిమిది ఏ4 కాగితాలు తీసుకుని మధ్యకు మడిచి ఒకదాంట్లో ఒకటి పెడితే 32 పేజీలు. పెన్సిల్‌తో పుల్లబొమ్మలు, రెండు మాటలు. చేత్తో తిప్పితేనే తెలిసే సంగతులున్నాయి.

వాటిలో మొదటిది మలుపు. కుడి పేజీ చివర ప్రశ్న ఉండాలి, తిప్పగానే ఎడమ పేజీలో జవాబు బొమ్మ ఉండాలి. ఆశ్చర్యపరచాల్సిన బొమ్మ కుడి పేజీలో పెట్టారా, ఎడమ పేజీ మాటలు చదివేలోపే కళ్ళు దాన్ని తినేస్తాయి. నా రెండో పుస్తకంలో చెరువులోంచి లేచే ఆకారం అలాగే వృథా అయిపోయింది.

రెండోది ఊపిరి. వరసగా నాలుగు పేజీలు పరుగులైతే ఐదో చోట రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మ వేసి, ఒక్క వాక్యంతో వదిలేయండి. పెద్ద బొమ్మలో మొహం, చేయి లాంటివి సరిగ్గా మధ్య మడతలో పడకుండా చూసుకోండి.

8. అధ్యాయం ఎక్కడ ఆపాలి?

సీరియల్ అంటే కత్తి మెడ మీద ఉండగా ఆపడమే అనుకుంటాం. నెలకోసారి వచ్చే పత్రికకు అది నప్పింది. మళ్ళీ నెల దాకా గుర్తుండాలిగా. అందుకే చందమామలో ప్రతి భాగం ముందూ జరిగిన కథను నాలుగు ముక్కల్లో చెప్పేవారు. పుస్తకం సంగతి వేరు. రాత్రి పడుకోబోయే ముందు చదివే అధ్యాయం కత్తి దగ్గర ఆగితే పిల్లకు నిద్ర పట్టదు, అమ్మ రేపు ఆ పుస్తకం తీయదు.

కాబట్టి కత్తులు పుస్తకానికి ఒకటో రెండో చాలు. మిగతా చోట్ల పిల్లలు పడుకుని ఆలోచించుకోగలిగేది వదలండి. పెట్టెలో ఇంకో తాళంచెవి దొరికింది, ఏ తాళానిదో తెలియదు. తాత ఆ పేరు వినగానే అన్నం దగ్గర్నుంచి లేచిపోయాడు. పొద్దున్నే లేచి పళ్ళు తోముకుంటూ వాళ్ళే మీకు జవాబులు చెబుతారు.

పుస్తకం చివర లెక్క వేరు. ఏ పుస్తకానికి ఆ పుస్తకం పూర్తి కావాలి, దీపం వెలగాలి. వెలిగిన దీపం వెలుగులో కొత్త ప్రశ్న ఒక్కటే కనపడాలి. అన్నీ వేలాడదీసి "రెండో భాగంలో" అనడం అప్పు ఎగ్గొట్టడమే. రెండో భాగం వాళ్ళ ఊరి షాపుకు రాకపోవచ్చు కూడా.

9. భాష, అక్షరం

ఏడు చేపల కథ మనందరికీ ఎందుకు కంఠస్థం? "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" నుంచి "నా పుట్టలో వేలు పెడితే కుట్టనా?" దాకా ఒకే పల్లవి తిరుగుతుంది, ప్రతిసారీ కారణం ఒక మెట్టు లోపలికి పోతుంది. సిరీస్‌కు అలాంటి పల్లవి ఒకటి కావాలి. కేతిగాడు లేచిన ప్రతిసారీ "ఎవరమ్మా దీపం పెట్టింది? నూనె ఎవరిది?" అంటాడు. మూడో పుస్తకానికి పిల్లలే ముందు అనేస్తారు. ఐదో పుస్తకంలో వాడు ఆ మాట అనడు. ఆ ఒక్కచోట గది గదంతా నిశ్శబ్దమైపోతుంది.

పాత్రల పేర్లు ఒత్తుల్లేకుండా పెట్టండి. తార, బాలు. ప్రతి పేజీలో పదిసార్లు వచ్చే పేరు దగ్గర పిల్లవాడు తడబడకూడదు. కష్టమైన పేరు దొరకు ఇచ్చేశాం, అదొక సవాలు కనుక. "పోవుచున్నాడు" వద్దు, టీవీ తెలుగూ వద్దు. మీ ఇంట్లో పిల్లలతో మాట్లాడేది ఏ యాస అయితే పాత్రల మాటల్లో దాన్నే రానివ్వండి. తిరగలి, చుట్టకుదురు, అటక లాంటి మాటలు మానేయకండి. వివరణా రాయకండి. మాట ఉన్న పేజీలోనే ఆ వస్తువు బొమ్మ ఉంటే చాలు. అమెరికాలో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేని పిల్లలకు ఒకామె ఈ పుస్తకాలు చదివి వినిపిస్తుంటే, "ఉట్టి" అనే మాట వాళ్ళు బొమ్మ చూసే పట్టేశారట.

అక్షరం పెద్దదిగా ఉండాలి, వరసల మధ్య ఎడం ఇంకా ఎక్కువ ఉండాలి. మన ఒత్తులు కింద వేలాడతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషు పుస్తకం కొలతలు పెడితే పై వరస ఒత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది. వరస చివర పదాన్ని విరవనివ్వకండి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేయిస్తే రేపు ఈ-బుక్ చేయాలన్నా, వెతకాలన్నా ఆ అక్షరాలు పనికిరావు. ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే చేయించండి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టారో లేదో ఒకసారి అడగండి. లేకపోతే ఒత్తులు విడిపోతాయి.

10. ఖాతా పుస్తకం

కిరాణా కొట్టు పద్దులాంటి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. బాలు అక్క భుజం దాకా వస్తాడు. తాతకు ఎడమ కన్ను మసక. చెరువు ఊరికి తూర్పు. తలపాగా రంగు పుస్తకం వారీగా, రంగు ముక్క అతికించి. ప్రతి పాత్రనూ ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీయించి ఆ కాగితం లోపల పెట్టండి. ఊరి పటం గీసి, మొదటి పుస్తకం అట్ట లోపలివైపు సగం ఖాళీగా అచ్చేయండి. తర్వాతి పుస్తకాల్లో ఒక్కో మూల నిండుతుంది. ఖాళీ మూలల్లో పిల్లలు పెన్సిల్‌తో గీసుకుంటారు. గీసుకోనివ్వండి.

11. పిల్లల ముందు చదివి చూడండి

మీ పిల్లల ముందు కాదు. వాళ్ళకు మీరంటే ఇష్టం, లెక్కకు రాదు. ఊళ్ళో లైబ్రరీయో, అపార్టుమెంటు మెట్లో, ఎక్కడైనా పదిమంది చాలు. "బాగుందా?" అని అడగకండి. "బాగుందాంటీ" అంటారు, అడిగింది ఏదైనా సరే. చదువుతూ వాళ్ళ కళ్ళు కిటికీ వైపు వెళ్ళిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. మధ్యలో ఆపి "ఇప్పుడేమవుతుంది?" అనండి. అందరూ ఒకే జవాబు చెబితే కథ మరీ తేలిక. ఎవరూ చెప్పలేకపోతే మీరు ఆధారాలు దాచింది చాలక పూడ్చేశారు. ఇద్దరు ముగ్గురు కొట్లాడుకుంటుంటే ముట్టుకోకండి, సరిగ్గా ఉంది.

రెండు రోజులాగి వెళ్ళి, ఆ రోజు రాని పిల్లకు వచ్చినవాళ్ళ చేత కథ చెప్పించండి. వాళ్ళు వదిలేసినవన్నీ మీరూ వదిలేయొచ్చు. నేను ప్రాణం పెట్టి రాసిన వెన్నెల వర్ణన అలాగే పోయింది. మేక మిగిలింది.

12. ప్రెస్సు దగ్గర

బొమ్మలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), అంచులకు మూడు మిల్లీమీటర్లు అదనంగా, సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు సిరాల లెక్కలో) ఇవ్వాలి. తెర మీద మెరిసే నీలం కాగితం మీద మెరవదు, ముందే మార్పించుకోండి. 32 పేజీలకు మధ్యలో పిన్నులు చాలు, పుస్తకం బల్ల మీద పరచినట్టు తెరుచుకుంటుంది.

అచ్చుకు ముందు ప్రూఫు తీయించుకోండి, దాని మీద ఏది కావాలని చేసిందో ఎర్ర ఇంకుతో రాయండి. నేను రాయలేదు. మూడో పుస్తకం అచ్చయ్యాక చూస్తే కేతిగాడి తలపాగా నిప్పులా ఎర్రగా ఉంది. మెషిను దగ్గరి అబ్బాయి సంతోషంగా చెప్పాడు: "రంగు వెలిసిపోయిందని మేమే సరిచేశాం మేడమ్." రెండు పుస్తకాలుగా మేం దింపుకుంటూ వచ్చిన రంగు! ఆ కట్టలు అలాగే వదిలేసి మళ్ళీ వేయించాం. ఇప్పుడు ప్రతి ప్రూఫు మీదా "వెలవాలి, సరిచేయొద్దు" అని ఉంటుంది.

ఐదో పుస్తకం చివరి పేజీలో కేతిగాడికి రంగే లేదు, గీతలు మాత్రమే ఉన్నాయి. వెనక తాత దీపం పట్టుకుని నిలబడి ఉంటాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు. ఆ మధ్య ఒక లైబ్రరీకి వెళితే అక్కడి ఆమె ఆ పేజీ తెరిచి నొచ్చుకుంటూ చూపించింది, పిల్లలు పుస్తకం పాడుచేశారని. తలపాగా నిండా ఎర్ర స్కెచ్ పెన్. గీత దాటి చెవి దాకా పోయింది. ఇంకెవరో పంచెకు పచ్చరంగు వేశారు. కొత్త కాపీ ఇచ్చి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను.